ట్రాక్టరు అదనపు లైట్లు మొరాయిస్తున్నాయా? బల్బు మార్చే ముందు ఎర్తు చూడండి

కాలవకు నీళ్లు వదిలారంటే ఊళ్లో అందరి దమ్మూ ఒకేసారి వచ్చి పడుతుంది. పగలు ఒకరి చేలో, రాత్రి మరొకరి చేలో ట్రాక్టరు తిరుగుతూనే ఉంటుంది. కోతలప్పుడు ధాన్యం తోలకం, క్రషింగ్ రోజుల్లో చెరకు తోలకం కూడా చాలావరకు రాత్రిళ్లే. కంపెనీ ఇచ్చిన రెండు హెడ్‌లైట్లు, వెనకున్న ఒక్క ప్లౌ ల్యాంపు ఈ పనికి చాలడం లేదని చాలామంది టాప్ మీద, మడ్‌గార్డుల మీద అదనపు లైట్లు పెట్టించుకుంటున్నారు.

పెట్టించడం తేలికే. ఒక సీజను గడిచేసరికి మాత్రం చిక్కులు మొదలవుతాయి. ఒక లైటు వెలగదు, ఇంకొకటి గుడ్డిగా వెలుగుతుంది. గట్టు దాటేటప్పుడు ఆరిపోయి మళ్లీ వస్తుంది. ఫ్యూజు నిలవదు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే బ్యాటరీ చచ్చి ఉంటుంది. రైతు బల్బు మారుస్తాడు, తర్వాత స్విచ్చి మారుస్తాడు, చివరికి బ్యాటరీయే మారుస్తాడు. అయినా చిక్కు అలాగే ఉంటుంది. ఎందుకంటే ఇలాంటి వాటిలో తరచుగా తప్పు ఉండేది బల్బులో కాదు. తీగలో, అతుకులో, ఎర్తులో ఉంటుంది.

ఎకరం, రెండెకరాల రైతుకు సొంత ట్రాక్టరు లేకపోవచ్చు. కానీ గంటల లెక్కన అద్దె కట్టేది ఆ రైతే. నడిరాత్రి లైటు ఆరి పని ఆగితే వంతు తప్పేది ఆ రైతు చేనుకే. కాబట్టి ట్రాక్టరు ఉన్నవారూ, అద్దెకు తోలించుకునేవారూ ఈ సంగతులు తెలుసుకోవడం మంచిది. ఇందులో చెప్పిన పరీక్షల్లో చాలావాటికి మెకానిక్కు అక్కర్లేదు. వరస తప్పకుండా చూడటమే ముఖ్యం.

కరెంటుకు వచ్చే దారి, పోయే దారి

ఇంట్లో బల్బుకు రెండు తీగలు ఉంటాయి. ట్రాక్టరులో చాలా లైట్లకు ఒక్క తీగే కనిపిస్తుంది. రెండో తీగ పని ట్రాక్టరు ఇనుప బాడీయే చేస్తుంది. బ్యాటరీ ప్లస్ నుంచి కరెంటు బయలుదేరి ఫ్యూజు, స్విచ్చి దాటి తీగ వెంట బల్బుకు చేరుతుంది. బల్బు నుంచి బాడీలోకి దిగి, బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వస్తుంది. ఈ తిరుగు దారినే ఎర్తు అంటాం.

మడిలోకి నీరు వచ్చే బోదె ఎంత ముఖ్యమో, పారే కరెంటుకు పోయే దారి కూడా అంతే ముఖ్యం. ప్లస్ తీగ ఎంత మంచిదైనా లైటు బిగించిన చోట రంగు, తుప్పు, బురద అడ్డుపడితే కరెంటు తిరిగి పోలేదు. బల్బు వెలగదు, లేదా గుడ్డిగా వెలుగుతుంది. అదనపు లైట్లను రంగు వేసిన టాప్ పైపులకు, మడ్‌గార్డులకు బిగిస్తారు. దమ్ములో ట్రాక్టరు రోజంతా తడుస్తుంది. ఎరువు బస్తాలు తోలినప్పుడు రాలిన ఉప్పు తడి తగిలి ఇనుమును తినేస్తుంది. అందుకే అదనపు లైట్లలో మొదట చెడేది ఎర్తే.

దగ్గర ఉండాల్సిన సామాను

టెస్ట్ ల్యాంపు ఒకటి ఉంటే చాలా పని అవుతుంది. దీన్ని మీరే చేసుకోవచ్చు. 12 వోల్టుల 5 వాట్ల చిన్న బల్బు, దానికి హోల్డరు, రెండు తీగలు తీసుకోండి. ఒక తీగ చివర మొసలి క్లిప్పు, రెండో తీగ చివర మొనదేలిన కడ్డీ పెట్టండి. వాడబోయే ప్రతిసారీ ముందు బ్యాటరీ ప్లస్, మైనస్‌లకు తగిలించి అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి. టెస్ట్ ల్యాంపే మాడిపోయి ఉంటే మీరు చూసిందంతా తప్పవుతుంది.

దీనితోపాటు నాలుగైదు మీటర్ల లావుపాటి తీగ, గరుకు కాగితం, ఇనుప బ్రష్షు, సరైన ఆంపుల ఫ్యూజులు రెండు మూడు, వాసెలిన్ ఉంచుకోండి. చిన్న మల్టీమీటరు కూడా ఉంటే మరీ మంచిది.

చెయ్యి పెట్టే ముందు

ఇంజను ఆపండి. పరీక్షకు కరెంటు కావాల్సినప్పుడు తప్ప మిగతా పనికి బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయండి. తీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. చేతి ఉంగరం, కడియం, గొలుసు తీసి పక్కన పెట్టండి. అవి ప్లస్‌కు, బాడీకి మధ్య పడితే క్షణంలో ఎర్రగా కాలి చర్మం ఊడుతుంది. బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది. కాబట్టి దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

50 హార్స్‌పవర్ పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వీటిలో ఇంజనును నడిపేది ఎలక్ట్రానిక్ కంట్రోలు. అలాంటి ట్రాక్టరులో ఇంజనుకు పోయే తీగల కట్టను గుచ్చకండి, బల్బు టెస్ట్ ల్యాంపుతో పరీక్షించకండి. మీరు చూడాల్సింది అదనపు లైట్ల తీగలు మాత్రమే. వెల్డింగు చేయించేటప్పుడు కూడా బ్యాటరీ తీగలు ఊడదీయించండి.

లైటు అసలు వెలగకపోతే

ఈ వరసలో చూసుకుంటూ పోండి.

1. మిగతావి పనిచేస్తున్నాయా? హారన్ మోగడం లేదు, హెడ్‌లైట్లు కూడా రావడం లేదంటే తప్పు అదనపు లైట్లది కాదు. బ్యాటరీ టెర్మినళ్లు, మెయిన్ ఫ్యూజు చూడండి. టెర్మినల్ మీద తెల్లగా, ఆకుపచ్చగా పూత కట్టి ఉంటే వేడినీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాసెలిన్ రాయండి.

2. బల్బు బాగుందా? ఊడదీసి రెండు తీగలతో నేరుగా బ్యాటరీకి తగిలించి చూడండి. వెలిగితే బల్బును పక్కన పెట్టి ముందుకు పోండి. హాలోజన్ బల్బు గాజును చేత్తో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి. అప్పుడే ఆర్పిన బల్బు చెయ్యి కాలుస్తుంది. కాసేపు ఆగాలి.

3. ఫ్యూజు బాగుందా? కంటితో చూసి బాగుందనుకోవద్దు. టెస్ట్ ల్యాంపు క్లిప్పును బాడీలో రంగు లేని శుభ్రమైన చోట తగిలించి, మొనను ఫ్యూజు రెండు వైపులా పెట్టండి. రెండు వైపులా వెలిగితే ఫ్యూజు మంచిది. ఒకవైపే వెలిగితే ఫ్యూజు పోయింది. రెండు వైపులా వెలగకపోతే ఫ్యూజు దాకా కరెంటే రావడం లేదు.

4. హోల్డరు దాకా కరెంటు వస్తోందా? స్విచ్చి వేసి, మొనను లైటు ప్లస్ తీగకు ఆనించండి. టెస్ట్ ల్యాంపు వెలగకపోతే వెనక్కి నడవండి. స్విచ్చి నుంచి బయటికి వచ్చే తీగ, స్విచ్చిలోకి పోయే తీగ, ఆ తర్వాత ఫ్యూజు. ఒకచోట వెలిగి, దాని తర్వాతి చోట వెలగలేదంటే తప్పు ఆ రెండింటి మధ్యే ఉంది.

5. కరెంటు వస్తోంది, బల్బు మంచిదే, అయినా వెలగడం లేదా? అయితే తప్పు ఎర్తులో గాని, హోల్డరు రేకులో గాని ఉంది. లావుపాటి తీగ ఒక కొన లైటు ఎర్తుకు, రెండో కొన నేరుగా బ్యాటరీ మైనస్‌కు పట్టుకోండి. లైటు టక్కున వెలిగితే దొంగ దొరికినట్లే. లైటు బిగించిన నట్టు విప్పి, కింద రంగు, తుప్పు గీకి, పళ్ల వాషరు వేసి మళ్లీ బిగించండి. ఇంకా మంచి పద్ధతి, ప్రతి అదనపు లైటుకు నల్ల తీగ విడిగా లాగి ఛాసిస్ మీద ఒకే గట్టి బోల్టుకు కలపడం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. టెస్ట్ ల్యాంపుకు అర ఆంపు కరెంటు కూడా అక్కర్లేదు. పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన తీగ కూడా దాన్ని వెలిగిస్తుంది. కానీ 55 వాట్ల బల్బుకు నాలుగున్నర ఆంపుల పైన కావాలి. ఆ తీగ అంత మోయలేదు. టెస్ట్ ల్యాంపు వెలిగినా లైటు వెలగకపోతే, ఆ తీగను చేత్తో తడిమి, మెత్తబడిన చోట, ఉబ్బిన చోట విప్పి చూడండి.

గుడ్డిగా వెలిగితే

12 వోల్టుల బల్బుకు పూర్తి వోల్టేజి చేరాలి. అందులో 10 శాతం తగ్గితే వెలుగు కూడా 10 శాతమే తగ్గుతుందని అనుకుంటాం. అలా కాదు. మామూలు, హాలోజన్ బల్బుల్లో వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. అందుకే తీగలో ఒక వోల్టు పోయినా గట్టు కనిపించదు.

సన్నని తీగ ఎంత నష్టం చేస్తుందో చూడండి. 55 వాట్ల లైట్లు రెండింటికి కలిపి 9 ఆంపుల పైన కరెంటు పోతుంది. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగను 5 మీటర్లు లాగితే ఆ తీగలోనే సుమారు 0.9 వోల్టు పోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 0.4 వోల్టు లోపే. తీగ కొనేటప్పుడు మందంగా కనిపించే ప్లాస్టిక్ తొడుగు చూసి మోసపోకండి. లోపల రాగి ఎంత ఉందో చూడండి. ఇళ్లలో గోడకు వేసే ఒంటి పోగు తీగ ట్రాక్టరుకు పనికిరాదు. కుదుపులకు లోపలే విరిగిపోతుంది. సన్న పోగులు చాలా ఉండే ఆటో తీగే వాడాలి.

మల్టీమీటరు ఉంటే ఈ తప్పును సులువుగా పట్టుకోవచ్చు. దాన్ని డీసీ 20 వోల్టుల గీత మీద పెట్టండి. లైటు వెలుగుతుండగా ఒక కడ్డీ లైటు ఎర్తుకు, ఇంకొకటి బ్యాటరీ మైనస్‌కు పెట్టండి. సున్నాకు దగ్గరగా, 0.2 లోపు ఉంటే ఎర్తు బాగుంది. అర వోల్టు దాటితే ఎర్తు చెడింది. అలాగే బ్యాటరీ ప్లస్‌కు, లైటు ప్లస్ తీగకు మధ్య చూడండి. అక్కడ అర వోల్టు దాటితే స్విచ్చి, ఫ్యూజు హోల్డరు, అతుకుల్లో తప్పు వెతకండి. కరెంటు పోతుండగా ఏ అతుకు వేడెక్కుతోందో అదే తప్పు అతుకు. తొడుగు ఒలిచి చూస్తే రాగి మెరవకుండా నల్లబడి గాని, చిలుము పట్టి గాని ఉంటుంది. చిలుము పట్టినంత మేర కత్తిరించి పారేసి, మంచి రాగి దగ్గర కొత్త అతుకు వేయాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు వేడికి, తడికి నిలవదు. టంకం వేయించి, పైన గొట్టం తొడిగించండి.

ఫ్యూజు పదేపదే పోతుంటే

ఫ్యూజు పోయిందంటే అది మిమ్మల్ని కాపాడిందని అర్థం. దాని బదులు రాగి పోగు గాని, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం గాని పెడితే ఈసారి మాడేది తీగ. ట్రాక్టరు మీద డీజిలు ఉంటుంది, సందుల్లో ఎండు పొట్టు ఉంటుంది, వెనక వరిగడ్డి ఉండవచ్చు. నిప్పు అంటుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? 15 ఆంపుల ఫ్యూజు నిలవలేదని 30 వేయడం కూడా ఇలాంటిదే. రేకు ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపులు. 55 వాట్ల లైట్లు రెండింటికి 15 ఆంపులు సరిపోతుంది.

ఫ్యూజు ఎప్పుడు పోతోందో గమనించండి. స్విచ్చి వేసిన వెంటనే పోతే తీగ ఎక్కడో బాడీకి నేరుగా తగులుతోంది. గతుకుల్లోనే పోతే తీగ ఒరుసుకుని తొడుగు చిరిగింది. పది నిమిషాలు వెలిగాక పోతే లైట్ల భారం ఎక్కువైంది, లేదా ఫ్యూజు హోల్డరు వదులై వేడెక్కుతోంది.

షార్టు ఎక్కడుందో కనుక్కోవడానికి ఫ్యూజులు తగలేయనక్కర్లేదు. ఫ్యూజు తీసి, ఆ రెండు రేకులకు మధ్య 21 వాట్ల ఇండికేటరు బల్బు ఒకటి తగిలించండి. అదనపు లైట్ల దగ్గర తీగలు ఊడదీసి, వాటి కొనలు దేనికీ తగలకుండా ఉంచండి. ఇప్పుడు స్విచ్చి వేయండి. లైట్లు ఊడదీసినా ఈ బల్బు వెలిగిందంటే షార్టు ఉన్నట్టే. తీగను స్విచ్చి దగ్గర నుంచి జానెడు జానెడుగా పట్టుకుని కదపండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరుతుందో తప్పు అక్కడే. సైలెన్సరు పక్కన, రేకు బెజ్జంలో తీగ దూరే చోట, స్టీరింగు కింద, సీటు కింద ముందుగా చూడండి. షెడ్డులో నిలిపిన ట్రాక్టరుకు ఎలుకల బెడద కూడా ఉంటుంది. రేకు బెజ్జాలకు రబ్బరు బుష్ వేసి, తీగను గొట్టంలో తొడిగి, జానెడుకొక కట్టు వేయిస్తే ఈ బాధ ఉండదు.

లైట్లు మిణుకుతుంటే, బల్బులు నిలవకపోతే

కుదుపుకు ఆరి వెలుగుతుంటే ఎక్కడో వదులు ఉంది. లైటు వెలుగుతుండగా ఒకరు తీగ, హోల్డరు, స్విచ్చి ఒక్కొక్కటీ కదుపుతుంటే ఇంకొకరు లైటు వైపు చూడాలి. దేన్ని ముట్టుకున్నప్పుడు మిణికిందో అదే తప్పు.

రేసు పెంచినప్పుడు లైట్లన్నీ కళ్లు జిగేలుమనేలా వెలిగి, బల్బులు వరసగా మాడిపోతుంటే బల్బు కంపెనీని తిట్టి లాభం లేదు. ఇంజను మంచి రేసులో ఉండగా బ్యాటరీ మీద వోల్టేజి చూడండి. 13.8 నుంచి 14.4 వరకు ఉంటే మంచిది. 15 దాటితే రెగ్యులేటరు చెడింది. దాన్ని ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. అలాగే వదిలేస్తే బ్యాటరీలో నీరు కూడా ఇగిరిపోతుంది. ఒక్క లైటులోనే బల్బు మాటిమాటికీ పోతుంటే ఆ లైటు లోపలికి నీరు చేరుతోందేమో, బిగింపు వదులై అదురుతోందేమో చూడండి.

మీ ట్రాక్టరు ఎన్ని లైట్లు మోయగలదు?

వాట్లను 12తో భాగిస్తే ఆంపులు వస్తాయి. హెడ్‌లైట్లు రెండు 55 వాట్లవి అయితే 9 ఆంపులు. 55 వాట్ల అదనపు లైట్లు నాలుగు పెడితే 18 ఆంపులు. ప్లౌ ల్యాంపు కూడా కలిపితే 32 ఆంపుల దగ్గరికి వచ్చింది. చాలా ట్రాక్టర్లకు 36 ఆంపుల ఆల్టర్నేటరు ఉంటుంది. ఆ 36 ఆంపులు మంచి రేసులో ఉన్నప్పుడే. స్లోలో అంత రాదు. పాత డైనమో బళ్లలో ఇంకా తక్కువ. స్లోలో ఉంచి అన్ని లైట్లూ వేస్తే లోటును బ్యాటరీ భరించాలి.

ఇంజను ఆపి లైట్లు వేసి ధాన్యం ఎత్తించే అలవాటు చాలామందికి ఉంది. 75 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద నాలుగు హాలోజన్ లైట్లు వెలిగితే లెక్కకు నాలుగు గంటలు వస్తుంది. కానీ రెండు గంటలకే బ్యాటరీ సగానికి పడిపోతుంది. పాత బ్యాటరీ అయితే సెల్ఫ్ తిరగదు. ఆగిన బండి మీద ఒక్క లైటు చాలు.

పొద్దున్నే బ్యాటరీ దిగిపోయి ఉంటే రాత్రంతా ఏదో కరెంటు తాగుతోందేమో చూడాలి. అన్నీ ఆపి, కీ తీసి, బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, టెస్ట్ ల్యాంపును మైనస్ టెర్మినల్‌కు, ఊడదీసిన తీగకు మధ్య పెట్టండి. ఇలా పెట్టి ఉంచి సెల్ఫ్ కొట్టకండి. ల్యాంపు బాగా వెలిగితే ఏదో లైను ఆగడం లేదు. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ రండి. ఏది తీసినప్పుడు ఆరుతుందో ఆ లైనులో తప్పు ఉంది.

స్విచ్చి వేడెక్కుతోందా? రిలే పెట్టించండి

అదనపు లైట్లకు కరెంటును హెడ్‌లైటు తీగ నుంచి గుంజుకోవడం మన దగ్గర బాగా ఉన్న పద్ధతి. చిక్కులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ఆ తీగ, ఆ స్విచ్చి రెండు లైట్ల కోసమే చేసినవి. నాలుగు, ఆరు లైట్ల కరెంటు వాటి గుండా పోతే స్విచ్చి లోపలి రేకులు కాలి, హెడ్‌లైట్లు కూడా పోతాయి.

రిలే పెడితే స్విచ్చి మీద భారం పడదు. రిలే అడుగున అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి లావు తీగ రావాలి. ఆ తీగలో బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాలి. 87 నుంచి లైట్లకు తీగ పోవాలి. 86కు స్విచ్చి నుంచి సన్న తీగ, 85కు ఎర్తు. స్విచ్చికి కరెంటు కీ వేస్తేనే వచ్చే తీగ నుంచి ఇస్తే కీ తీయగానే లైట్లు కూడా ఆరిపోతాయి.

రిలే ఉన్న బండిలో లైటు వెలగకపోతే స్విచ్చి వేసి వినండి. టిక్కుమని శబ్దం రాకపోతే స్విచ్చి, 85, 86 చూడండి. శబ్దం వచ్చినా వెలగకపోతే 30లో కరెంటు ఉందా, 87 నుంచి బయటికి వస్తోందా చూడండి. 30లో ఉండి 87లో లేకపోతే రిలే లోపల కాలిపోయింది. స్విచ్చి ఆపినా లైట్లు ఆరకపోతే రిలే అతుక్కుపోయింది. కొత్తది వేయాలి. వారంటీ ఉన్న కొత్త ట్రాక్టరయితే తీగ కోసే ముందు డీలరును అడగండి.

ఎల్ఈడీ లైట్లయితే

ఎల్ఈడీ లైట్లు తక్కువ కరెంటుతో వెలుగుతాయి. 18 వాట్లవి నాలుగు కలిపినా 6 ఆంపులే. నాలుగు హాలోజన్లకు 18 ఆంపులు పోతుందని గుర్తు చేసుకోండి. పాత డైనమో, చిన్న బ్యాటరీ ఉన్న బళ్లకు ఇవి మేలు. అయితే వీటికి ప్లస్, మైనస్ తారుమారైతే వెలగవు. వెలగలేదని పారేసే ముందు తీగలు సరిగ్గా కలిపారా చూడండి. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది కదా అని ఫ్యూజు మానేయకూడదు. షార్టయితే బ్యాటరీ ఏ లైటు పెట్టారని చూడదు. లైటులోకి నీరు చేరి ఆవిరి కట్టిందంటే లోపలి సర్క్యూటు ఎక్కువ కాలం నిలవదు. తీగ లైటులోకి దూరే చోట కిందికి వంపు ఉండేలా కట్టండి. నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

ట్రక్కు లైట్ల చిత్రం

ట్రక్కుకు ఇండికేటరు వేస్తే వెనక ఎర్ర లైటు కూడా కొట్టుకోవడం, బ్రేకు తొక్కితే ఎర్ర లైట్లు తగ్గిపోవడం చాలా బళ్లలో చూస్తాం. తీగలు తారుమారయ్యాయని విప్పి మళ్లీ కలుపుతారు. చాలాసార్లు తప్పు తీగల కలయికలో కాదు, ఎర్తులో. ట్రక్కుకు ఎర్తు హుక్కు పిన్ను గుండా వస్తుందని వదిలేస్తారు. అక్కడ గ్రీజు, తుప్పు, మట్టి. తిరిగి పోయే దారి లేక ఇండికేటరు కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. అందుకే అన్నీ కలిసి కొట్టుకుంటాయి. సాకెట్‌లో ఎర్తుకు ఒక పిన్ను ఉంటుంది. దాని నుంచి ట్రక్కు ఛాసిస్ దాకా లావు తీగ లాగి గట్టిగా బిగించండి. సాకెట్ పిన్నులు చిలుము లేకుండా గీకి, ట్రక్కు ఊడదీసినప్పుడు మూత వేయండి.

రోడ్డెక్కే ముందు

ట్రక్కు వెనక ఎర్ర లైటు లేకపోతే వచ్చే నష్టం కొత్త బల్బు ఖరీదుతో పోయేది కాదు. చీకట్లో రోడ్డు మీద ఆగిన ట్రక్కు వెనక వచ్చే మోటారు సైకిలు వాడికి కనిపించదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు ట్రక్కు వెనక రెండు వైపులా ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలని చెబుతున్నాయి. లైట్లు పాడైనా రిఫ్లెక్టరు వెలుతురు పడగానే మెరుస్తుంది. మట్టి తుడిచి ఉంచండి.

చేలో ఉపయోగపడే వెనక తెల్ల లైటు రోడ్డు మీద వెనక వచ్చేవారి కళ్లలో కొడుతుంది. వాళ్లకు మీ ఎర్ర లైటు కూడా కనిపించదు. టాప్ మీది లైట్లు ఎదురొచ్చేవారి కళ్లు బైర్లు కమ్మిస్తాయి. కాబట్టి చేను గట్టు దాటి రోడ్డెక్కగానే అదనపు లైట్లన్నీ ఆపాలి. ఇందుకోసం వాటికి విడి స్విచ్చి ఉండి తీరాలి.

సీజనుకు వారం ముందు

దమ్ముకు వారం ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. బ్యాటరీ టెర్మినళ్లు తుడిచి వాసెలిన్ రాయండి. ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ వోల్టేజి 12.6 దగ్గర ఉండాలి. 12.2 ఉంటే సగమే ఛార్జి ఉంది. ప్రతి లైటు నట్టు బిగించండి, ఎర్తు బోల్టులు గీకండి. తీగ ఒరుసుకున్న చోట్లు చూసి గొట్టం తొడగండి. పెట్టెలో ఫ్యూజులు, ఒక బల్బు, టెస్ట్ ల్యాంపు ఉన్నాయో లేదో చూసుకోండి. చీకటి పడ్డాక అన్ని లైట్లూ వేసి, ఇంజను స్లోలో ఒకసారి, రేసులో ఒకసారి నడిపి చూడండి.

అద్దెకు తోలించుకునే రైతులు రాత్రి పని ఒప్పుకునే ముందు డ్రైవరును లైట్లన్నీ ఒకసారి వేసి చూపించమని అడగండి. ట్రక్కు వెనక ఎర్ర లైటు వెలుగుతోందో లేదో మీరే వెనక్కి నడిచి చూడండి. అడగడానికి మొహమాటపడొద్దు. ఒకసారి మడిలో దిగాక చీకట్లో తీగలు వెతుక్కోవడం డ్రైవరుకూ కష్టమే, మీకూ నష్టమే.